తప్పు పడిన నాణేనికి విలువ ఎందుకు?

మీ జేబులో ఒక రూపాయి నాణెం ఉందా? తీసి అరచేతిలో పెట్టుకోండి. ఒక పక్క మూడు సింహాల బొమ్మ, రెండో పక్క నాణెం విలువను తెలిపే అంకె కనిపిస్తాయి. మనం ఆటల్లో బొమ్మా, బొరుసా అని పందెం వేసుకునేది ఈ రెండు పక్కల మీదే.

ఇప్పుడు ఒక సంగతి ఊహించండి. కిరాణా కొట్టులో మీకు చిల్లర ఇచ్చారు. అందులో ఒక రూపాయి వింతగా ఉంది. బొమ్మ నడిమధ్యన పడకుండా ఒక పక్కకు జరిగిపోయింది. మిగిలిన చోట నెలవంక ఆకారంలో ఏ గుర్తూ లేని నున్నటి లోహం కనబడుతోంది. మీరు దానిని ఇంకో కొట్టులో ఇచ్చారు. కొట్టు యజమాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బాగాలేదు బాబూ, వేరేది ఉంటే ఇవ్వు" అని తిరిగి మీ చేతిలో పెట్టాడు. అదే నాణేన్ని నాణేలు సేకరించే ఒక పెద్దమనిషికి చూపించారు. ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇది నాకు ఇస్తావా? రూపాయి కంటే ఎక్కువే ఇస్తాను" అన్నాడు.

ఇది విచిత్రం కాదా? చొక్కా కుట్టులో తప్పు ఉంటే ధర తగ్గిస్తారు. బీట వారిన కుండను ఎవరూ కొనరు. మరి నాణెంలో తప్పు ఉంటే ధర పెరగడం ఏమిటి? ఏ తప్పు ఉన్నా పెరుగుతుందా? ఎంత పెరుగుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే ముందు నాణెం ఎలా పుడుతుందో మనకు తెలియాలి.

నాణెం పుట్టుక

నాణేలు తయారు చేసే కర్మాగారాన్ని టంకశాల అంటారు. మన దేశంలో ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడాలలో టంకశాలలు ఉన్నాయి. హైదరాబాదులో నిజాం కాలంలో, 1903లో, సైఫాబాదులో యంత్రాలతో నడిచే టంకశాల ఏర్పడింది. 1950లో దానిని భారత ప్రభుత్వం తీసుకున్నది. 1997లో పని చర్లపల్లిలోని కొత్త టంకశాలకు మారింది. సైఫాబాదు పాత భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. మీ నాణెం మీద సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అది హైదరాబాదులో పుట్టినదన్నమాట. వజ్రం ఆకారపు గుర్తు ముంబయిది. చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే అది కోల్‌కతా నాణెం.

నాణెం తయారీలో మొదటి మెట్టు లోహపు రేకు. కావలసిన లోహాన్ని కరిగించి, దిమ్మెలుగా పోసి, పెద్ద ఉక్కు రోలర్ల మధ్య నలిపి, నాణెం మందానికి వచ్చేదాకా రేకుగా సాగదీస్తారు. ఆ రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. ఇంట్లో అమ్మ పెద్ద చపాతీ ఒత్తి, డబ్బా మూతతో అద్ది చిన్న పూరీలు తీయడం మీరు చూసే ఉంటారు. ఇదీ అదే పని. కాకపోతే ఇక్కడ యంత్రం ఒక్క దెబ్బకు అనేక బిళ్ళలు తీస్తుంది.

నలిగి నలిగి ఈ బిళ్ళలు గట్టిపడి ఉంటాయి. గట్టి లోహం మీద బొమ్మ సరిగా దిగదు. అందుకని వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. కంసాలి నగ చేస్తూ మధ్య మధ్య బంగారపు తీగను కాల్చేది ఇందుకే. ఆ తరువాత బిళ్ళలను శుభ్రం చేసి, ఒక గాడిలో దొర్లిస్తూ అంచును చుట్టూ నొక్కుతారు. దానితో అంచు కొంచెం పైకి లేచి గట్టులా ఏర్పడుతుంది. ఈ గట్టు వల్లనే నాణెం మీది బొమ్మ త్వరగా అరిగిపోదు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ముద్ర కొట్టడం. కింద ఒక ఉక్కు అచ్చు, పైన ఒక ఉక్కు అచ్చు ఉంటాయి. నాణెం మీద ఉబ్బుగా కనిపించవలసినదంతా అచ్చులో పల్లంగా, కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. బిళ్ళ చుట్టూ ఒక ఉక్కు కట్టు ఉంటుంది. బిళ్ళ వచ్చి ఈ కట్టులో కూర్చోగానే పై అచ్చు దిగి, ఎన్నో టన్నుల బలంతో నొక్కుతుంది. లోహం ముద్దలా కదిలి అచ్చులోని పల్లాల్లోకి పోతుంది. పక్కలకు పోదామంటే ఉక్కు కట్టు పోనివ్వదు. క్షణంలో నాణెం తయారు! వెంటనే దానిని బయటికి తోసి, ఇంకో బిళ్ళ లోపలికి వస్తుంది. ఈనాటి యంత్రాలు నిమిషానికి ఏడెనిమిది వందల నాణేల దాకా ఇలా ముద్రించగలవు.

ఇంత వేగంలో, ఇన్ని మెట్లలో, ఎక్కడో ఒకచోట పొరపాటు జరగక మానదు. అందుకే జల్లెడలూ, యంత్రాలూ, మనుషులూ కలిసి తప్పు నాణేలను ఏరి పక్కన పెడతారు. వాటిని మళ్ళీ కరిగిస్తారు. ఈ కాపలా అంతటినీ దాటుకొని, సంచిలో పడి, బ్యాంకు మీదుగా మన చేతికి వచ్చిన తప్పు నాణేలు బహు కొద్ది. విలువకు మొదటి కారణం ఇక్కడే దొరికింది చూశారా? టంకశాల ఎంత జాగ్రత్తగా పని చేస్తే తప్పు నాణెం అంత అరుదు అవుతుంది.

తప్పులు మూడు రకాలు

నాణెం పుట్టాలంటే మూడు కావాలి: బిళ్ళ, అచ్చు, దెబ్బ. కాబట్టి తప్పులు కూడా ఈ మూడింటిలోనే జరుగుతాయి. నాణేల శాస్త్రం తెలిసినవారు ఏ తప్పునైనా ముందు ఈ మూడింటిలో ఒక దానిలో చేరుస్తారు.

మొదటిది బిళ్ళలో తప్పు. పూరీల సంగతి మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. అంతకుముందు పూరీ తీసిన చోటు మీదికి కొంచెం వెళ్ళేట్టు మూత పెడితే ఏమవుతుంది? కొత్త పూరీకి ఒక పక్క నెలవంక ఆకారంలో కొరికినట్టు పోతుంది. రేకు సరిగా ముందుకు జరగకపోతే నాణెపు బిళ్ళకూ ఇదే గతి. దీనిని అంచు తెగిన నాణెం అంటాం. ఒక్కోసారి బిళ్ళ మంచిదే గాని, అది వేరే నాణేనిది. ఒక నాణెపు బొమ్మ మరో నాణెపు బిళ్ళ మీద పడుతుంది. ఒక్కోసారి బిళ్ళ అచ్చుల మధ్యకు వెళ్ళకుండానే బయటికి వచ్చేస్తుంది. అప్పుడది బొమ్మా బొరుసూ లేని ఉత్త బిళ్ళ.

రెండవది అచ్చులో తప్పు. అచ్చు ఎంత గట్టి ఉక్కుతో చేసినా లక్షల దెబ్బలు తిని తిని ఎక్కడో బీట వేస్తుంది. ఆ బీటలోకి కూడా లోహం దూరుతుంది. అందుచేత అచ్చులోని పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. అచ్చు పల్లాల్లో గ్రీజు, మురికి పేరుకుంటే లోహం వాటిలోకి పోలేదు. నాణెం మీద అంకెలో అక్షరాలో మాయమవుతాయి. అచ్చును తయారు చేసేటప్పుడే తప్పు జరిగితే దాని నుంచి వచ్చే ప్రతి నాణెంలోనూ ఆ తప్పు ఉంటుంది.

మూడవది దెబ్బలో తప్పు. బిళ్ళ కట్టులో సరిగా కూర్చోకముందే దెబ్బ పడితే బొమ్మ పక్కకు జరుగుతుంది. హడావుడిలో కాగితం చివర రబ్బరు స్టాంపు వేస్తే సగమే పడినట్టు! ఉక్కు కట్టు పైకి రాకపోతే లోహం అన్ని పక్కలకూ పారి నాణెం వెడల్పుగా, పలుచగా తయారవుతుంది. నాణెం బయటికి పోకుండా అక్కడే ఉంటే రెండో దెబ్బ తింటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, తయారైన నాణెం ఒక్కోసారి పై అచ్చుకు అతుక్కొని ఉండిపోతుంది. అప్పుడు కింద కొత్తగా వచ్చిన బిళ్ళకు పై అచ్చు తగలదు. ఈ అతుక్కున్న నాణెమే తగులుతుంది. దానితో కొత్త నాణేనికి ఒక పక్క మామూలుగా, రెండో పక్క అదే బొమ్మ గుంటగా, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. అచ్చులో తప్పు ఉంటే వేలాది నాణేలు ఒకే పోలికతో వస్తాయి. దెబ్బలో తప్పు పడినది మాత్రం ఏ నాణేనికి ఆ నాణెమే. అలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. ఈ తేడా ముందు ముందు మనకు పనికి వస్తుంది.

నాలుగు కథలు

మొదటి కథ అమెరికాది. అక్కడి ఒక సెంటు నాణేన్ని రాగి మిశ్రమంతో చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో రాగి తుపాకి గుళ్ళకూ ఇతర యుద్ధ సామగ్రికీ కావలసి వచ్చింది. అందుకని 1943లో సెంటును జింకు పూత పూసిన ఉక్కుతో తయారు చేశారు. కోట్లకొద్దీ తెల్లటి సెంట్లు వచ్చాయి. కాని వెనుకటి సంవత్సరపు రాగి బిళ్ళలు కొన్ని పెట్టెల మూలల్లో ఇరుక్కొని మిగిలాయి. అవి కూడా ఉక్కు బిళ్ళలతో కలిసి యంత్రంలోకి వెళ్ళి, 1943 అనే అంకె వేసుకొని బయటికి వచ్చాయి. ఇప్పటివరకు బయటపడినవి కొద్ది పదులను మించవు. 1947లో మసాచుసెట్స్ రాష్ట్రంలో 16 ఏళ్ళ విద్యార్థి ఒకడికి పాఠశాల భోజనశాలలో ఇచ్చిన చిల్లరలో ఇలాంటిది ఒకటి వచ్చింది. అతడు దానిని జీవితాంతం దాచుకున్నాడు. 2019 జనవరిలో అది వేలంలో 2,04,000 డాలర్లకు అమ్ముడయింది. దాని మీద రాసి ఉన్న విలువ ఒక్క సెంటు, అంటే డాలరులో నూరో వంతు!

రెండవ కథ కూడా అమెరికా సెంటుదే, 1955లో జరిగింది. అచ్చును తయారు చేయడానికి ఆ రోజుల్లో బొమ్మ ఉబ్బుగా ఉన్న ఒక మూల ముద్రను మెత్తని ఉక్కు దిమ్మె మీద నొక్కేవారు. ఒక్క నొక్కుకు బొమ్మ పూర్తిగా దిగదు. అందువల్ల దిమ్మెను కాల్చి మెత్తబరచి, మళ్ళీ అదే చోట నొక్కేవారు. 1955లో ఒక దిమ్మె రెండోసారి నొక్కేటప్పుడు రవ్వంత పక్కకు తిరిగింది. దాంతో అంకెలు, అక్షరాలు అన్నీ జంటగా పడ్డాయి. ఫిలడెల్ఫియా టంకశాలలో ఈ అచ్చుతో కొట్టిన నాణేలు మామూలు నాణేల కుప్పలో కలిసిపోయాయి. వీటి కోసం కుప్ప మొత్తం కరిగించడం ఎందుకని వదిలేశారు. ఇరవై వేలకు పైగా జనంలోకి వెళ్ళాయని అంచనా. కంటికి ఇట్టే కనిపించే ఈ జంట అక్షరాల సెంటు అరిగిపోయినదైనా ఈనాడు వెయ్యి డాలర్లకు తక్కువ దొరకడం కష్టం.

మూడవ కథ అదే దేశపు అయిదు సెంట్ల నాణేనిది. దాని మీద అడవిదున్న బొమ్మ ఉండేది. 1937లో డెన్వర్ టంకశాలలో ఒక అచ్చు మీద గీతలు పడ్డాయి. వాటిని పోగొట్టాలని అచ్చును అరగదీశారు. గీతలు పోయాయి, వాటితో పాటు దున్న ముందరి కాలు ఒకటి కూడా పోయింది! మూడు కాళ్ళ దున్న నాణెం సేకరించేవారికి ఎంతో ఇష్టమైనది.

నాలుగవ కథ బ్రిటన్‌ది. 2008లో అక్కడి నాణేల బొమ్మలు మార్చారు. 20 పెన్నీల నాణెంలో అంతవరకు సంవత్సరం బొరుసు పక్క ఉండేది. కొత్త నాణెంలో దానిని రాణి తల ఉన్న పక్కకు మార్చారు. పొరపాటున కొత్త బొరుసు అచ్చుకు పాత తల అచ్చును జత చేశారు. ఫలితం ఏమిటి? రెండు పక్కలా సంవత్సరం లేదు! మూడు వందల ఏళ్ళకు పైగా అక్కడ సంవత్సరం లేని నాణెం జనంలోకి రాలేదట. 2009లో ఈ సంగతి బయటపడేసరికి జనం చిల్లర డబ్బాలన్నీ వెతికారు. కాని ఇవి వేలల్లో, బహుశా లక్షకు పైగానే ఉన్నాయి. అందుచేత ధర పదుల పౌండ్లలోనే ఆగింది. రాగి సెంటులా లక్షలకు ఎక్కలేదు.

విలువను నిర్ణయించేవి

ఈ కథల నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు? తప్పు నాణెం విలువ నాలుగైదు సంగతుల మీద ఆధారపడుతుంది.

ఒకటి, అరుదు. పదుల్లో ఉన్న రాగి సెంటుకు లక్షలు, లక్షల్లో ఉన్న 20 పెన్నీల నాణేనికి పదులు. ఇది మీకు సులభంగానే అర్థమవుతుంది.

రెండు, గిరాకీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఇలాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేదు, కనుక దీని ధర ఎక్కువ" అనుకుంటారు. ఇందాక మనం ఏమనుకున్నాం? దెబ్బలో తప్పు పడిన ప్రతి నాణెమూ ప్రపంచంలో ఒక్కటే. అయినా బొమ్మ కొంచెం జరిగిన అమెరికా సెంటు నాలుగైదు డాలర్లకే దొరుకుతుంది. ఇరవై వేలు ఉన్న 1955 సెంటు వెయ్యి డాలర్లు పలుకుతుంది. ఎందుకు? సెంట్లు వరసగా సేకరించే లక్షలాది మంది ఆ 1955 సెంటు లేనిదే తమ వరుస పూర్తి కాదనుకుంటారు. నాణేల జాబితా పుస్తకాల్లో దానికి ఒక చోటు ఉంది. పక్కకు జరిగిన సెంటు ఏదైనా ఒకటే, ఇది కాకపోతే ఇంకొకటి. కాబట్టి ఉన్నవి ఎన్ని అన్నది ఒక్కటే చూస్తే చాలదు. కావాలనేవారు ఎందరు అన్నది కూడా చూడాలి.

మూడు, కంటికి కనపడడం. భూతద్దం పెట్టి వెతికితే గాని కనిపించని తప్పు కంటే, చేతిలోకి తీసుకోగానే "ఇదేమిటి!" అనిపించే తప్పుకు విలువ ఎక్కువ. బొమ్మ రవ్వంత జరిగితే ఎవరూ పట్టించుకోరు. సగానికి సగం జరిగి, సంవత్సరం అంకె మాత్రం స్పష్టంగా మిగిలి ఉంటే మంచి ధర వస్తుంది. అంకె ఉంటేనే కదా అది ఏనాటి నాణెమో చెప్పగలిగేది!

నాలుగు, నాణెం స్థితి. అరిగి నలిగినదాని కంటే కొత్త మెరుపు పోనిది విలువైనది. అలాగని మెరుపు కోసం చింతపండుతోనో, ముగ్గుతోనో తోమకండి! ఇత్తడి చెంబుకు అది మంచిదే గాని నాణేనికి శత్రువు. తోమితే పైపొర గీసుకుపోతుంది. ఆ గీతలు చూసి సేకరించేవారు ముఖం తిప్పుకుంటారు.

అయిదు, అన్నిటికన్నా పెద్దది, నిజమైనది కావడం. తప్పు టంకశాలలో జరిగి ఉండాలి. బయటికి వచ్చాక సుత్తితో కొట్టినా, ఆకురాయితో రాకినా, రైలు పట్టాల మీద పెట్టినా అది తప్పు నాణెం కాదు, పాడైన నాణెం. దానికి దమ్మిడీ అదనపు విలువ ఉండదు.

నిజమా, నకిలీయా?

డబ్బు ఉన్న చోటికి మోసం వస్తుంది. అయితే దానిని పట్టుకునే ఆయుధాలు మీ విజ్ఞానశాస్త్రం పుస్తకంలోనే ఉన్నాయి.

1943 రాగి సెంటు సంగతి చూడండి. కొందరు మామూలు ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్మజూపారు. చూడడానికి అచ్చం రాగే. కాని అయస్కాంతం దగ్గరకు తెస్తే టక్కున అతుక్కుంటుంది. పై పూత రంగును మార్చగలదు గాని లోపలి ఇనుము గుణాన్ని మార్చలేదు. తూకం కూడా చెబుతుంది. ఉక్కు సెంటు సుమారు 2.7 గ్రాములు, రాగి సెంటు 3.11 గ్రాములు. ఇంకొందరు 1948 నాటి అసలు రాగి సెంటు తీసుకొని, 8లో ఎడమ పక్కను గీకి 3గా మార్చారు. అయస్కాంతం దీనిని పట్టలేదు, తూకమూ సరిపోతుంది. భూతద్దంతో 3 ఆకారాన్ని అసలు 1943 నాణెంలోని 3తో పోల్చి చూస్తే దొంగ దొరుకుతాడు. ఒక పరీక్షలో నెగ్గినంత మాత్రాన నాణెం నిజమైనదని చెప్పలేమని దీనిని బట్టి తెలుస్తుంది.

అంచు తెగిన నాణేన్ని పరీక్షించే ఉపాయం ఇంకా ముచ్చటగా ఉంటుంది. బిళ్ళ అంచుకు గట్టు పెట్టేటప్పుడు దానిని ఎదురెదురుగా రెండు వైపుల నుంచి నొక్కుతారని గుర్తుంది కదా? తెగిన భాగం ఒక వైపుకు వచ్చినప్పుడు అక్కడ నొక్కడానికి లోహం లేదు. అప్పుడు సరిగ్గా దాని ఎదుటి వైపు కూడా ఒత్తిడి పడదు. అందుచేత నిజంగా టంకశాలలో తెగిన బిళ్ళకు, తెగిన చోటికి సరిగ్గా ఎదురుగా గట్టు పలుచగా, మసకగా ఉంటుంది. ఇంటిలో కత్తిరించిన నాణేనికి ఎదుటి గట్టు నిండుగా ఉంటుంది. మోసగాడు కత్తిరించిన చోటును ఎంత నున్నగా చేసినా ఎదుటి పక్క సంగతి మరచిపోతాడు.

రెండు నాణేలను ఇనుప బిగింపులో పెట్టి గట్టిగా బిగిస్తే ఒకదాని బొమ్మ రెండో దాని మీద గుంటగా పడుతుంది. "అద్దం బొమ్మ" నాణెమని దీనిని అమ్ముతారు. అయితే అక్కడ అంతకుముందున్న బొమ్మ చదునై, ఆనవాళ్ళు మిగిలే ఉంటాయి. రెండు పక్కలా బొమ్మే ఉన్న నాణేలు చాలామట్టుకు గారడీవాళ్ళ కోసం రెండు నాణేలను చెక్కి అతికించినవి. లోపలి అంచు వెంట సన్నని అతుకు గీత కనిపిస్తుంది.

ఇంకొక హెచ్చరిక. ముద్ర పడేటప్పుడు అచ్చు వదులుగా ఉండి అదిరితే అక్షరాల పక్కన మెట్టులా చదునైన నీడ ఒకటి పడుతుంది. ఇది 1955 నాటి జంట అచ్చు కాదు. యంత్రపు అదురు మాత్రమే. ఇలాంటివి లెక్కలేనన్ని. వీటికి ప్రత్యేక ధర లేదు.

మన దేశంలో చట్టం ఒకటి ఉంది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం చెల్లుబాటులో ఉన్న నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం నేరం. ఏడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి "ఒక తప్పు నాణెం తయారు చేసి చూద్దాం" అనే సరదా వద్దు.

లక్షల ఆశ

"ఫలానా బొమ్మ ఉన్న 5 రూపాయల నాణెం మీ దగ్గర ఉందా? మీరు లక్షాధికారులు!" ఇలాంటి ప్రకటనలు మీ ఇంట్లోవారి ఫోనుకు కూడా వచ్చి ఉండవచ్చు. ఇప్పుడు మీరు నేర్చుకున్న పాఠంతో దానిని పరీక్షించండి. ఆ నాణెం అరుదైనదా? జ్ఞాపకార్థం వేసిన నాణేలను కూడా పెద్ద సంఖ్యలోనే ముద్రిస్తారు. గిరాకీ ఉందా? అందరి ఇళ్ళలో ఉన్నదానిని లక్షలు పెట్టి కొనేదెవరు? ఈ రెండు ప్రశ్నలతోనే ప్రకటన కూలిపోతుంది.

ఈ మోసం నడిచే తీరు ఇది. మీ నాణెం ఫోటో అడుగుతారు. వెంటనే పెద్ద ధర చెబుతారు. "డబ్బు పంపేముందు రిజిస్ట్రేషను రుసుము, పన్ను, కమీషను కట్టాలి" అంటారు. కట్టాక మరో రుసుము అంటారు. లక్షలు రావు, ఉన్న వేలు పోతాయి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కూడా ఇలా వసూలు చేశారు. ఇలాంటి అమ్మకాలతో తనకు సంబంధం లేదని, రుసుములూ కమీషన్లూ తాను ఎన్నడూ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు మనకు డబ్బు ఇవ్వాలి గాని, మన దగ్గర తీసుకోవడం ఏమిటి? ఈ ఒక్క మాట మీ అమ్మానాన్నలకూ, అమ్మమ్మ తాతయ్యలకూ చెప్పండి. ఈ వ్యాసం చదివినందుకు అదే పెద్ద లాభం.

మీరూ చేసి చూడండి

1. చపాతీ పిండితో రెండు చిన్న బిళ్ళలు చేయండి. ఒకదానిని పళ్ళెం మీద పెట్టి, పైన ఒక చదునైన మూతతో నొక్కండి. అది నాలుగు వైపులా పాకుతుంది. రెండవదానిని ఒక ప్లాస్టిక్ గాజు మధ్యలో పెట్టి, గాజులో పట్టే మూతతో నొక్కండి. అంచు గుండ్రంగా నిలుస్తుంది. ఉక్కు కట్టు చేసే పని ఇదే.

2. అదే పిండి మీద రూపాయిని గట్టిగా అద్ది తీయండి. అక్షరాలు గుంటగా, తారుమారుగా కనిపిస్తాయి. అచ్చుకు నాణెం అతుక్కుంటే వచ్చే తప్పు ఇదే. చూడడం అయ్యాక నాణేన్ని కడిగి తుడవండి.

3. రూపాయిని సింహాల బొమ్మ నిటారుగా ఉండేట్టు పట్టుకొని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. మన నాణేల్లో రెండో పక్క కూడా నిటారుగానే కనిపించాలి. బాగా వంకరగానో తలకిందులుగానో ఉంటే అచ్చు తిరిగిపోయిందన్నమాట. మన దేశపు చిల్లరలో ఓపికగా వెతికేవారికి ఇలాంటివి దొరుకుతూనే ఉంటాయి. వీటికి పెద్ద ధర రాకపోయినా, అచ్చు ఎలా బిగిస్తారో చెప్పే సాక్ష్యం మీ చేతిలో ఉన్నట్టే.

ప్రశ్నలు

1. 2011లో వచ్చిన రూపాయి నాణెం అడ్డుకొలత సుమారు 22 మిల్లీమీటర్లు, రెండు రూపాయలది 25 మిల్లీమీటర్లు. రెండు రూపాయల బొమ్మ రూపాయి బిళ్ళ మీద పడవచ్చు. రూపాయి బొమ్మ రెండు రూపాయల బిళ్ళ మీద పడడం ఎందుకు కష్టం?

2. మీకు పది నాణేలు దొరికాయి. పదింటిలోనూ ఒకే చోట, ఒకే ఆకారంలో ఉబ్బెత్తు గీత ఉంది. తప్పు బిళ్ళదా, అచ్చుదా, దెబ్బదా?

3. మీ స్నేహితుడి దగ్గర అంచు తెగిన రూపాయి ఉంది. దానికి ఎదుటి గట్టు నిండుగా, స్పష్టంగా ఉంది. మీరేమంటారు?

జవాబులు: 1. పెద్ద బిళ్ళ చిన్న నాణెపు ఉక్కు కట్టులో పట్టదు. చిన్న బిళ్ళ పెద్ద కట్టులో సులభంగా పడుతుంది, అప్పుడు బొమ్మ అంచులు మాత్రం నాణెం మీద కనిపించవు. 2. అచ్చుది, అచ్చు పగిలింది. 3. అది టంకశాల తప్పు కాకపోవచ్చు; బయట కత్తిరించి ఉంటారని అనుమానించాలి.